ఎవరికి ఓటెయ్యాలో చెప్పే యాప్‌లు: ఆ పర్సెంటేజ్ చూసి మురిసిపోకండి (రివ్యూ)

ఓటు సలహా యాప్‌లని ఒక రకం ఉన్నాయి, తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఎలక్షన్ల ముందు సైట్ ఓపెన్ చేస్తే ఒక 30, 40 వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పన్నులు పెంచాలి, అణు విద్యుత్ కేంద్రాలు కొనసాగించాలి, హైవేల మీద స్పీడ్ లిమిట్ పెట్టాలి ఇలాంటివి, మీరు ఒప్పుకుంటా, ఒప్పుకోను, తటస్థం అని నొక్కుకుంటూ పోతే చివర్లో ఏ పార్టీ ఆలోచనలు మీతో ఎంత శాతం కలిశాయో లెక్కగట్టి చూపిస్తుంది. అంతే. ఐదు పది నిమిషాల పని, ఫ్రీ, చాలావాటికి లాగిన్ కూడా అక్కర్లేదు.

జర్మనీలో దీని పేరు వాల్-ఓ-మాట్, 2002 నుంచి అక్కడి ప్రభుత్వ పౌరవిద్యా సంస్థ నడుపుతోంది, 2021 ఎన్నికలప్పుడు 2 కోట్ల సార్లకి పైగా వాడారు. నెదర్లాండ్స్‌లో స్టెమ్‌వైజర్, అసలు ఈ ఐడియాకి పుట్టిల్లు అదే, 1989లో స్కూలు పిల్లల కోసం చిన్న పుస్తకం, దాంతో పాటు ఒక ఫ్లాపీ డిస్క్‌గా మొదలైంది. స్విట్జర్లాండ్‌లో స్మార్ట్‌వోట్, కెనడా ఆస్ట్రేలియాల్లో వోట్ కంపాస్. నేను మనకి సంబంధం లేని దేశాలవి కూడా బ్రౌజర్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టుకుని మరీ ఆడి చూశా, ఒకసారి మొదలెడితే ఆపలేం, అదో రకం వ్యసనం. కాబట్టి ఇది ఏదో ఒక యాప్ మీద రివ్యూ కాదు, మొత్తం ఈ జాతి సరుకు మీద అనుకోండి.

ముందు బావున్నదేంటో చెప్తా. వాక్యాలు చిన్నవి, నాన్చుడు లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది రిజల్ట్ పేజీ కాదు, దాని వెనకాల ఉండే పేజీ. వాల్-ఓ-మాట్‌లో ప్రతి వాక్యానికీ ప్రతి పార్టీ తను ఎందుకు అవునంది, ఎందుకు కాదంది అని నాలుగు ముక్కలు సొంతంగా రాసి ఇస్తుంది. మేనిఫెస్టో వంద పేజీలు ఎవడు చదువుతాడండీ, కానీ ఒకే ప్రశ్నకి పదిమంది జవాబులు పక్కపక్కన పెడితే మాత్రం ఎవడు సూటిగా చెప్తున్నాడో ఎవడు తిప్పి తిప్పి చెప్తున్నాడో వెంటనే తెలిసిపోతుంది. ఇద్దరూ "ఒప్పుకోను" అంటారు, ఒకడు ఆ పని అస్సలు చెయ్యొద్దని, ఇంకొకడు అది సరిపోదు ఇంకా ఎక్కువ చెయ్యాలని. లెక్కలో ఇద్దరూ ఒకటే, కిందున్న వివరణ చదివితేనే ఒకళ్లకొకళ్లు ఆమడ దూరం అని అర్థమవుతుంది. మిమ్మల్ని మీరు తెలుసుకోడానికి కూడా పనికొస్తుంది ఇది, నాకు గట్టి అభిప్రాయం ఉందనుకున్న విషయం మీద వాక్యం రాగానే వేలు ఆగిపోవడం, అసలు పట్టించుకోనిదాని మీద టక్కున నొక్కడం, ఇలాంటివి జరుగుతాయి.

ఇక పర్సెంటేజ్ సంగతి. చాలామంది స్క్రీన్‌షాట్ తీసి పెట్టేది దాన్నే, నాకు 74 శాతం ఫలానా పార్టీ వచ్చింది అని. ఆ 74 ఎలా పుడుతుందో చూస్తే అంత మురిసిపోరు.

వాల్-ఓ-మాట్ లెక్క చాలా సింపుల్. మీ జవాబు పార్టీ జవాబు ఒకటే అయితే 2 పాయింట్లు, ఒకళ్లు తటస్థం ఇంకొకళ్లు అవునో కాదో అయితే 1, పూర్తి ఎదురైతే 0. మీరు దాటేసిన ప్రశ్నలు లెక్కలోకి రావు, మీకు ముఖ్యం అని గుర్తు పెట్టినవి డబుల్. మొత్తాన్ని గరిష్ఠ పాయింట్లతో భాగిస్తే పర్సెంటేజ్. ఇప్పుడు తమాషా చూడండి. వాల్-ఓ-మాట్‌లో ఉండే 38 వాక్యాలకీ కళ్లు మూసుకుని తటస్థం నొక్కారనుకోండి. అన్నిటికీ అవునో కాదో తేల్చి చెప్పిన పార్టీకి ఒక్కోదానికి 1 చొప్పున 76కి 38, అంటే సరిగ్గా 50 శాతం వస్తుంది. 8 చోట్ల గోడ మీద కూర్చున్న పార్టీకి 46, అంటే 60 శాతం దాటుతుంది. ఏమీ తేల్చుకోనివాడికి ఏమీ తేల్చని పార్టీ టాప్‌లో వస్తుంది, న్యాయమేనేమో అది కూడా, కానీ నిజంగా మధ్యేమార్గం కోరుకునే మనిషికీ ప్రశ్న అర్థంకాక తటస్థం నొక్కిన మనిషికీ తేడా ఆ మెషీన్‌కి తెలీదు కదా. అందుకే అర్థంకాకపోతే దాటెయ్యండి, తటస్థం నొక్కకండి, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

డబుల్ బటన్ ఇంకా డేంజర్. 10 వాక్యాలున్న చిన్న యాప్ అనుకుందాం, ఒక పార్టీ మీతో 8 చోట్ల కలిసింది 2 చోట్ల ఎదురు, ఇంకో పార్టీ 6 కలిసింది 4 ఎదురు. మామూలుగా అయితే 80 శాతం, 60 శాతం, పోటీయే లేదు. ఇప్పుడు మొదటి పార్టీ మీకు ఎదురున్న ఆ 2 విషయాలే మీకు ప్రాణం, వాటిలో రెండో పార్టీ మీ పక్షం. ఆ రెండిటికీ డబుల్ పెడితే ఇద్దరికీ 24కి 16, ఇద్దరూ 67 శాతం. రెండంటే రెండు టిక్‌లు పెడితే 20 శాతం తేడా గల్లంతు! మూడింతలు పెట్టే ఆప్షన్ ఉంటే రెండో పార్టీనే గెలిచేది. పైగా డబుల్ ఎందుకు, నాకు ఆ ఒక్క విషయమే మిగతా 37 కన్నా ఎక్కువైతే? అలాంటి మనుషులు బోలెడు మంది ఉంటారు, ఉద్యోగం పోయినవాడికి ఉద్యోగం ఒక్కటే ప్రశ్న. యాప్‌లో అతని బాధకి దొరికే గరిష్ఠ విలువ రెండు రెట్లు.

అసలు ఏ వాక్యాలు పెట్టాలో ఎవరు తేలుస్తారు అన్నది ఇంకో పెద్ద కథ. బెల్జియంలో స్టెఫాన్ వాల్‌గ్రేవ్, ఆయనతో పనిచేసినవాళ్లు 2009లో ఒక పరిశోధన అచ్చేశారు, అక్కడి యాప్ కోసం జనం జవాబులు తీసుకుని, వాక్యాల ఎంపిక వేరేగా ఉంటే ఏమయ్యేదని కంప్యూటర్‌లో 5 లక్షల రకాల కాంబినేషన్లు నడిపి చూశారు. తేలిందేంటంటే వాక్యాల సెట్ మారితే సలహా బాగా మారుతుంది, కొన్ని సెట్లు కొన్ని పార్టీలకి కలిసొస్తాయి. ఎవరో కావాలని మోసం చెయ్యక్కర్లేదు, పర్యావరణం మీద ఒక వాక్యం ఎక్కువ, వలసల మీద ఒకటి తక్కువ అయితే చాలు. వాల్-ఓ-మాట్ వాళ్లు దీనికి కొంత జాగ్రత్త తీసుకుంటారు, యువ ఓటర్లనీ నిపుణులనీ కూర్చోబెట్టి ముందు ఎక్కువ వాక్యాలు తయారుచేసి, అన్నిటినీ పార్టీలకి పంపించి, జవాబులొచ్చాక పార్టీల మధ్య తేడా బాగా కనపడే 38 ఏరుకుంటారు.

తేడా కనపడేవి ఏరుకుంటారు అన్నా కదా, నా అసలు కంప్లైంట్ సరిగ్గా ఇక్కడే ఉంది. మిగతావన్నీ చిన్నవి, లెక్కలు మారిస్తే సర్దుకునేవి.

అన్ని పార్టీలూ అవునన్న వాక్యాన్ని యాప్‌లో పెట్టి లాభంలేదు, అందరికీ ఒకే పాయింట్లు వస్తాయి, ఎవర్నీ వేరు చెయ్యదు. అందుకని తీసేస్తారు. టెక్నికల్‌గా వందశాతం కరెక్ట్. కానీ అలా పోయేవి ఏవో చూడండి. అవినీతి తగ్గాలి, ధరలు అదుపులో ఉండాలి, ఆస్పత్రులు సరిగ్గా నడవాలి, దేశానికి భద్రత ఉండాలి. వీటికి కాదనే పార్టీ భూమ్మీద ఉంటుందా? డొనాల్డ్ స్టోక్స్ అనే రాజనీతి పండితుడు 1963లోనే ఈ తేడా పట్టుకున్నాడు, కొన్ని విషయాల్లో పార్టీలు అటూ ఇటూ నిలబడతాయి, ఇంకొన్నిట్లో అందరూ ఒకే వైపు నిలబడి ఎవరు బాగా చేస్తారన్న దగ్గరే కొట్టుకుంటారు అని. చాలా ఎలక్షన్లు తేలేది రెండో రకం మీద. ఐదేళ్లు పాలించావు, ధరలు ఏమయ్యాయి, వరదలొచ్చినప్పుడు ఎక్కడున్నావు, చెప్పింది చేశావా. జనం మెయిన్‌గా చూసేది ఇదైతే, యాప్ డిజైన్‌లోనే అది మొదటి రౌండ్‌లో ఎగిరిపోతుంది. ఎగిరిపోయిన సంగతి రిజల్ట్ పేజీలో ఎక్కడా కనపడదు, 74 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

వోట్ కంపాస్ ఇక్కడ కాస్త నయం, పాలసీ ప్రశ్నలతో పాటు నాయకుల మీద మీకు ఎంత నమ్మకం, ఎంత సమర్థులనుకుంటున్నారు అని కూడా అడుగుతుంది. దానికి వేరే తలనొప్పి ఉందిలెండి, 2011లో కెనడాలో మొదటిసారి వచ్చినప్పుడు ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు నొక్కితే లిబరల్ పార్టీయే దగ్గరగా వస్తోందని గొడవైంది. తయారుచేసినవాళ్లు అలా గుడ్డిగా నొక్కేవాళ్ల కోసం కాదు ఇది అన్నారు. ఆ మాటా నిజమే, నేను పైన తటస్థం నొక్కినట్టే కదా.

ఇప్పుడు ప్రచారం సంగతికి వద్దాం, ఎందుకంటే యాప్‌ని తెచ్చినవాళ్ల ఉద్దేశం ప్రచారం హోరు నుంచి ఓటరుని కాపాడదామని. మంచిదే. కానీ ప్రచారం అంటే మన బుర్రలు మార్చెయ్యడం అనుకుంటాం చూశారా, అది అంత తేలిక కాదు. 1940 అమెరికా ఎన్నికప్పుడు ఓహైయోలోని ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒకే జనాన్ని నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి అడిగారు, ప్రచారం వల్ల పార్టీ మారినవాళ్లు కొద్దిమందే, ఎక్కువమందికి అప్పటికే ఉన్న మొగ్గు గట్టిపడింది. 2018లో జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే పరిశోధకులు 49 ఫీల్డ్ ప్రయోగాలు కలిపి చూస్తే సాధారణ ఎన్నికల్లో ఇంటింటికీ తిరగడం, యాడ్లు, కరపత్రాలు మనసు మార్చే ప్రభావం సగటున సున్నాకి దగ్గర్లో తేలింది. మరి కోట్లు ఎందుకు తగలేస్తారంటారా? ఓటెయ్యడానికి బయటికి తేవడం వేరు పని, అది పనిచేస్తుంది, 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో గెర్బర్, గ్రీన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో మనిషి గుమ్మం దగ్గరికొచ్చి మాట్లాడితే పోలింగ్ బాగా పెరిగింది, ఫోన్ చేస్తే ఏమీ పెరగలేదు.

ఇంకోటుంది, నా దృష్టిలో అసలైంది. ప్రచారంలో సగం యుద్ధం ఈ ఎలక్షన్ దేని గురించి అన్నదాని మీదే. 1968లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో ఇంకా తేల్చుకోని 100 మంది ఓటర్లని మెక్‌కోంబ్స్, షా అనే పరిశోధకులు అడిగారు, ముఖ్యమైన సమస్యలు ఏవని వాళ్లు చెప్పిన వరసా, వాళ్ల పేపర్లు టీవీలు దేనికి ఎంత చోటిచ్చాయన్న వరసా దాదాపు ఒకటే. అందుకే పాలకపక్షం దేశభద్రత అంటుంది, ప్రతిపక్షం ధరలు అంటుంది, ఒకళ్ల ప్రశ్నకి ఇంకొకళ్లు జవాబే చెప్పరు, చూసేవాళ్లకి చెవిటివాళ్ల సంభాషణలా ఉంటుంది, నిజానికి ఇద్దరికీ బాగానే వినపడుతుంది. ఏ ప్రశ్న మన నెత్తిన కూర్చుంటుందో దాన్ని బట్టి ఓటు. యాప్ ఏం చేస్తుందంటే ఆ గొడవంతా పక్కకి తోసి 38 ప్రశ్నలకీ సమానమైన కుర్చీలేస్తుంది. దీన్ని న్యాయం అనచ్చు, శుభ్రమైన గదిలో కూర్చుని ప్రశాంతంగా ఆలోచించే ఓటరుకి ఇదే కావాలి అనచ్చు. నాకు మాత్రం ఓటరు మనసులో ఉన్న అసలు వరస పోయి, అందరికీ ఒకే వరస అంటగట్టినట్టు అనిపించింది. ముందు "మీకు ఈసారి ముఖ్యమైన మూడు విషయాలు చెప్పండి" అని ఖాళీ పెట్టె ఇచ్చి మొదలుపెడితే ఎంత బావుండు, ప్రశ్నలు చదివి మెదడు పాడవ్వకముందే.

ఎలక్షన్ పద్ధతి కూడా చూసుకోవాలి. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే నెదర్లాండ్స్ లాంటి చోట్ల మీకు దగ్గరైన చిన్న పార్టీకి ఓటేసినా దండగ కాదు, యాప్ సలహా సూటిగా ఓటుగా మారుతుంది. స్విట్జర్లాండ్‌లో అయితే వేరే లిస్టుల్లోంచి అభ్యర్థుల్ని కూడా తెచ్చి కలుపుకోవచ్చు, అందుకే స్మార్ట్‌వోట్ ముఖ్యంగా ఒక్కో అభ్యర్థిని పోలుస్తుంది, అక్కడ దానికి అతికినట్టు సరిపోతుంది. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో మాత్రం 80 శాతం కలిసిన పార్టీ మీ నియోజకవర్గంలో డిపాజిట్ కూడా తెచ్చుకోలేకపోతే ఏం చేస్తారు? గెలిచే ఇద్దరిలో కొంచెం నయం ఎవరన్నది అప్పుడు అసలు ప్రశ్న, 55కీ 48కీ తేడా. యాప్ పై వరసలో ఉన్నవాణ్ణి మెరిసేలా చూపిస్తుంది, మీకు పనికొచ్చే నంబర్లు కిందెక్కడో బూడిద రంగులో ఉంటాయి.

పైవరస అంటే గుర్తొచ్చింది, 2019 యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికల ముందు వాల్-ఓ-మాట్‌ని జర్మనీలోని కొలోన్‌లో కోర్టు ఆపించింది! అప్పట్లో ఒకేసారి 8 పార్టీలతోనే పోల్చుకోనిచ్చేది, జనం తెలిసిన పెద్ద పార్టీలే ఎంచుకుంటారు, మాలాంటి చిన్నవాళ్లకి అన్యాయం అని వోల్ట్ అనే కొత్త పార్టీ కేసేసింది. కొద్దిరోజుల్లో రాజీ అయ్యి అన్ని పార్టీలనీ కలిపి చూసే వీలుతో మళ్లీ వచ్చింది. ఒక చిన్న స్క్రీన్ డిజైన్ నిర్ణయం మీద కోర్టు దాకా వెళ్లారంటే దీని పలుకుబడి ఎంతో చూడండి. నాకైతే ఆ పార్టీ వాదనే కరెక్ట్ అనిపించింది.

ఇంకో సంగతి, కొన్ని సైట్లు జవాబులన్నీ కలిపి "దేశం ఏమనుకుంటోంది" అని రిపోర్టులు వేస్తుంటాయి. లక్షలమంది కాబట్టి నమ్మెయ్యాలనిపిస్తుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటిమందికి కార్డులు పంపి 20 లక్షలకి పైగా జవాబులు తెప్పించుకుని లాండన్ గెలుస్తాడంది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 ఊడ్చేశాడు, అంతకన్నా చాలా చిన్న శాంపిల్‌తో సర్వేలు చేసే జార్జ్ గాలప్ గెలుపు ఎవరిదో సరిగ్గా చెప్పాడు. తమంతట తాము వచ్చి జవాబిచ్చినవాళ్లు ఎంతమందైనా వాళ్లు జనం కాదు. ఈ యాప్‌లు ఆడేవాళ్లు కూడా ముందే రాజకీయాల పిచ్చి ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, కుర్రాళ్లు ఎక్కువ. వోట్ కంపాస్ వాళ్లు జనాభా లెక్కలతో సరిచేస్తారు, చెయ్యనివాళ్లవి మాత్రం కాలక్షేపానికి చదవండి. ఇదే కారణంగా "యాప్ వాడినవాళ్లు ఎక్కువగా ఓటేశారు" అన్న మాట కూడా జాగ్రత్తగా తీసుకోవాలి, వాళ్లు ఎలాగూ వేసేవాళ్లేమో.

ప్రైవసీ గురించి ఒక్క మాట. రాజకీయ అభిప్రాయం అనేది యూరప్ డేటా చట్టంలో ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం, ఆరోగ్యం, మతం లాంటివాటితో సమానం. మెయిల్ ఐడీ అడిగే సైట్‌లో, ఎవరు నడుపుతున్నారో పేరు కూడా లేని సైట్‌లో 38 విషయాల మీద మీ మనసు విప్పకండి. నాకు అలాంటిదొకటి తగిలింది, రిజల్ట్ చూపించడానికి ఫోన్ నంబర్ కావాలంది, టాబ్ మూసేశా. రిజల్ట్ తెలీక ఆ రాత్రి కొంచెం దురద పెట్టిందిలెండి.

రేటింగ్ అడిగితే వివరణల పేజీకి ఐదుకి ఐదు, పర్సెంటేజ్‌కి రెండు, మొత్తమ్మీద మూడున్నర. మొదటిసారి ఓటేసేవాళ్లకి, ఏ పార్టీ ఏమంటోందో బొత్తిగా తెలీనివాళ్లకి కళ్లుమూసుకుని చెప్తా, వాడండి. ముందే పార్టీ ఫిక్స్ అయినవాళ్లు వాడితే ఇంకా మజా, మీ పార్టీ మూడో ప్లేస్‌లో వస్తే అప్పుడు మొహం చూసుకోవాలి అద్దంలో. ఏ పార్టీకైనా మీకు దేంట్లో తేడా వచ్చిందో అవి మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చదవండి, కలిసినవి చదివి ఉపయోగం లేదు.

ఇంకో అర స్టార్ ఎప్పుడు కలుపుతానంటే, పార్టీ మాటలు కాకుండా చేతలు పోల్చేవి ఎక్కువైనప్పుడు. నెదర్లాండ్స్‌లో స్టెమెన్‌ట్రాకర్ అని ఒకటుంది, పార్లమెంటులో నిజంగా ఓటింగ్‌కి వచ్చిన తీర్మానాలనే మన ముందు పెట్టి మనమేం నొక్కామో పార్టీలు ఆరోజు ఎటు ఓటేశాయో పోల్చి చూపిస్తుంది. జర్మనీలో 2025 ఎన్నికలకి రియల్-ఓ-మాట్ అని ఇదే పద్ధతిలో ఒకటొచ్చింది. ఇవి కూడా లోపం లేనివేం కావు, ఇంకా సభలోకి అడుగుపెట్టని కొత్త పార్టీకి రికార్డే ఉండదు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు బిల్లు నచ్చినా ప్రభుత్వానిదని ఎదురు ఓటేస్తారు, సంకీర్ణంలో ఉన్నవాళ్లు నచ్చకపోయినా చెయ్యెత్తుతారు. అయినా సరే, ఎలక్షన్ ముందు తీరిగ్గా కూర్చుని రాసిచ్చిన నాలుగు వాక్యాల జవాబు కన్నా, కెమెరాలు లేని మధ్యాహ్నం ఎత్తిన చెయ్యి మీద నాకు నమ్మకం ఎక్కువ.